ఆల్పైన్ స్నోబోర్డు (గట్టి మంచు కోసం చేసే సన్నటి బోర్డు) ఎంత పొడవు తీసుకోవాలి? రేసింగ్, కార్వింగ్ చేసేవాళ్లు చెప్పండి

న్యూజెర్సీ_రాజు:
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా సాఫ్ట్ బూట్లతో 158 సెం.మీ. స్నోబోర్డు మీద కార్వింగ్ (పక్కకి జారకుండా బోర్డు అంచు మీదే మలుపు తిరగడం) చేస్తున్నాను. ఈ సీజన్ నుంచి గట్టి ప్లాస్టిక్ హార్డ్ బూట్లకి మారుతున్నా. బూట్లు, వాటిని బోర్డుకి బిగించే బైండింగ్‌లు వచ్చేశాయి, బోర్డు దగ్గరే ఆగిపోయాను. సెకండ్ హ్యాండ్‌లో మూడు దొరికాయి: 163 స్లాలొమ్ బోర్డు (చిన్న మలుపుల రేసుకి), 171 ఫ్రీకార్వ్ బోర్డు (సరదా కార్వింగ్‌కి), 185 జీఎస్ బోర్డు (జెయింట్ స్లాలొమ్, అంటే పెద్ద మలుపుల రేసుకి). నా బరువు 74 కిలోలు, ఎత్తు 173, బూటు సైజు 26.5. మా వైపు కొండలు చిన్నవి, శని ఆదివారాలు జనం కిటకిటలాడుతుంటారు. యూఎస్ఏఎస్ఏ (అమెరికా స్నోబోర్డ్ సంఘం) ప్రాంతీయ పోటీల్లో పెద్దల విభాగంలో దిగాలని గట్టి కోరిక. ఇక్కడ షాపులో అడిగితే గడ్డం దాకా వచ్చేది తీసుకోమన్నారు. ఆ లెక్క దీనికీ పనికొస్తుందా?

కొలరాడో_శీను:
రాజు గారూ, గడ్డం లెక్క ఇక్కడ పూర్తిగా వదిలేయండి. ఈ బోర్డులకి మనిషి ఎత్తుతో దాదాపు పని లేదు. ముందు సైడ్‌కట్ రేడియస్ (బోర్డు పక్క అంచు వంపు ఎంత పెద్ద వృత్తంలో భాగమో, దాని వ్యాసార్థం) చూడాలి, తర్వాత మీ బరువుకి తగ్గ ఫ్లెక్స్ (బోర్డు ఎంత తేలిగ్గా వంగుతుందో). ఆ రెండూ కుదిరాక పొడవు దానంతట అదే తేలుతుంది.

రేసు బోర్డులు అంత పొడవు ఎందుకుంటాయో గేట్లు (రేసులో చుట్టి తిరగాల్సిన గుర్తు కర్రలు) చూస్తే తెలుస్తుంది. పారలల్ జెయింట్ స్లాలొమ్‌లో (ఇద్దరు పక్కపక్కనే దిగే జీఎస్ రేసు) గేటుకీ గేటుకీ మధ్య 20 నుంచి 27 మీటర్లు ఉంటుంది. స్లాలొమ్‌లో సుమారు అందులో సగం. అందుకే మగవాళ్ల జీఎస్ బోర్డులు 180 నుంచి 190 దాకా, స్లాలొమ్ బోర్డులు 155 నుంచి 163 దాకా ఉంటాయి. రేడియస్ కూడా అలాగే: స్లాలొమ్‌కి 8 నుంచి 11 మీటర్లు, జీఎస్‌కి 16 పైమాటే, 20 దాటినవీ ఉన్నాయి.

బోర్డుని ఎడ్జ్ (పక్కనుండే ఇనప అంచు) మీద ఎంత ఎక్కువ వంచితే టర్న్ అంత చిన్నదవుతుంది. 60 డిగ్రీలు వంచితే మంచు మీద పడే వంపు, సైడ్‌కట్ రేడియస్‌లో దాదాపు సగం. అంటే 10 మీటర్ల బోర్డు 5 మీటర్ల వంపు గీస్తుంది, 18 మీటర్లది 9 మీటర్ల వంపు గీస్తుంది. కానీ అంత వంగి పడిపోకుండా ఉండాలంటే వేగం కావాలి. లెక్క వేస్తే మొదటి దానికి గంటకి 33 కిలోమీటర్లు సరిపోతాయి, రెండోదానికి 45 దాకా వెళ్లాలి. జనం మధ్య ఆ వేగంతో, కొండ వెడల్పంతా తిరిగే టర్న్‌లు వేయడం మీకూ మంచిది కాదు, పక్కవాళ్లకీ మంచిది కాదు. మీరు చెప్పిన కొండకి 185 వద్దని నా గట్టి మాట.

న్యూజెర్సీ_రాజు:
థాంక్స్ శీను గారూ. కానీ టీవీలో చూస్తే అందరివీ పొడవాటి బోర్డులే. వాటి మీదే స్థిరంగా ఉంటుందేమో అనుకున్నా.

కొలరాడో_శీను:
ఒలింపిక్స్‌లో పారలల్ స్లాలొమ్ పెట్టింది 2014 సోచిలో ఒక్కసారే. 2018లో తీసేశారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో మనకి కనిపించేది జీఎస్సే, అందుకే అన్నీ పొడుగ్గా ఉంటాయి. పైగా వాళ్ల ముందున్నది గట్టిగా తయారుచేసిన ఖాళీ ట్రాక్. స్థిరత్వం మాట నిజమే. ఎడ్జ్ ఎంత పొడుగ్గా మంచుని పట్టుకుంటే వేగంలో అంత అదురు తగ్గుతుంది. ఆ వేగం దాకా వెళ్లగలిగే చోటు ఉన్నప్పుడే ఆ లాభం.

మ్యూనిక్_సుజాత:
శీను గారు ఫ్లెక్స్ గురించి ఒక్క మాటతో వదిలేశారు. నా దృష్టిలో సగం సంగతి అక్కడే ఉంది.

163 అని రాసి ఉన్నంత మాత్రాన రెండు బోర్డులు ఒకటి కావు. ఒకటి 60 కిలోల అమ్మాయి కోసం చేసి ఉండొచ్చు, ఇంకోటి 90 కిలోల రేసర్ కోసం. కొలరాడోలో డోనెక్, కెనడాలో కాయిలర్ లాంటి చోట్ల రైడర్ బరువు అడిగి మరీ చేస్తారు. బరువుకి మించి గట్టిగా ఉన్న బోర్డు వంగదు. వంగకపోతే టర్న్ మొదట్లోనే తోక జారుతుంది, మనమేమో మన టెక్నిక్ బాగా లేదని బాధపడతాం. మరీ మెత్తగా ఉంటే గట్టి మంచు మీద మధ్యలో మడత పడ్డట్టయి వదిలేస్తుంది. కాబట్టి అమ్మేవాళ్లని మొదటి ప్రశ్నగా ఇది అడగండి: ఇది ఎంత బరువున్న మనిషికి చేయించింది?

ఆడవాళ్లకి ఒక మాట. షాపుల్లో మనకి ఎప్పుడూ పొట్టి బోర్డే చూపిస్తారు. నా బరువు 57, నేను వాడేది 168. ఫ్లెక్స్ నా బరువుకి తగ్గట్టు ఉంది కాబట్టి ఆస్ట్రియా కొండల మీద పొద్దున్నే గ్రూమర్ (మంచుని చదును చేసే బండి) వెళ్లిన గీతల మీద ఎంతో హాయిగా తిరుగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే పెన్సిల్‌తో గీసినంత సన్నటి గాడి కనిపించాలి. ఆ గాడి మొదట్లో వెడల్పుగా ఉంటే బోర్డు జారిందని అర్థం. కొత్త బోర్డు ట్రై చేసిన ప్రతిసారీ నేను చూసేది అదే.

వెర్మాంట్_కిరణ్:
రాజు అన్నా, ఆ మూడూ ఏ కాలం నాటివి? ఇది చాలా ముఖ్యం. 1990ల నాటి 163కీ ఇప్పటి 163కీ పోలికే లేదు. 2000ల మధ్య నుంచి రేసు బోర్డుల్లో టైటనాల్ (ఒక అల్యూమినియం మిశ్రలోహం) పొర వచ్చింది. క్యాంబర్ (బోర్డు మధ్యలో ఉండే విల్లు లాంటి వంపు) ముందే ముగిసి ముక్కు పైకి లేచేలా చేయడం కూడా వచ్చింది. అదురు తగ్గింది, టర్న్‌లోకి దిగడం తేలికైంది. అందుకే ఇప్పుడు 170 దాటిన ఫ్రీకార్వ్ బోర్డు కూడా మొండిగా అనిపించదు.

మా దగ్గర మంచు సగం రోజులు గాజులా ఉంటుంది. అలాంటి చోట 171 నాకు బాగా నచ్చుతుంది, రేడియస్ 11 నుంచి 13 మధ్య ఉంటే. మీదీ ఈస్ట్ కోస్టే కాబట్టి నా ఓటు దానికే. పోటీలకి కూడా సరిపోతుంది, పెద్దల విభాగంలో ఒకే బోర్డుతో స్లాలొమ్, జీఎస్ రెండింట్లోనూ దిగొచ్చు.

ఇక వెడల్పు. పొడవు గురించి ఇంత మాట్లాడి దీన్ని వదిలేస్తే లాభం లేదు. మధ్యలో వెడల్పు 18 సెం.మీ. అయితే మీ 26.5 బూట్లకి బైండింగ్ కోణం (బూటు బోర్డు ముక్కు వైపుకి ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో) 60 దాటాలి. 20-21 ఉంటే 55 దగ్గర సర్దుకోవచ్చు. ఇంట్లోనే చూసుకోవచ్చు: నేల మీద పాత దుప్పటి పరిచి, బూట్లు బైండింగ్‌లో బిగించి, బోర్డుని ఎడ్జ్ మీద నిలబెట్టి మెల్లగా వంచండి. బూటు ముందు భాగమో మడమో నేలకి తగిలిన చోట ఆపి, ఫోన్‌లో లెవెల్ యాప్‌తో కోణం చూడండి. 65 డిగ్రీల లోపే తగిలితే బైండింగ్ కోణం పెంచాలి. మంచులో ఎడ్జ్ దిగబడుతుంది కాబట్టి అక్కడ ఇంకా ముందే తగులుతుంది.

హైదరాబాద్_వంశీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఏటా గుల్మార్గ్ వెళ్తాను. అక్కడికి ఇలాంటి బోర్డు తీసుకెళ్లొచ్చా?

కొలరాడో_శీను:
వద్దు వంశీ. అక్కడికి జనం వెళ్లేదే అఫర్వత్ కొండ పైన లోతైన మెత్తటి మంచు కోసం. సన్నటి ఆల్పైన్ బోర్డు ముక్కు అందులో దిగబడిపోతుంది. దీనికి గ్రూమ్ చేసిన గట్టి నేల కావాలి. అక్కడికి వెడల్పాటి పౌడర్ బోర్డే తీసుకెళ్లు.

న్యూజెర్సీ_రాజు:
అమ్మే ఆయనతో మాట్లాడాను. 171 టైటనాల్ బోర్డేనట, రేడియస్ 12, వెడల్పు 20. తనకి 80 కిలోలకి చేయించుకున్నాడట. రేపు చూడ్డానికి వెళ్తున్నా. ఏం చూడాలి?

మ్యూనిక్_సుజాత:
80 అయితే మీ 74కి పెద్ద తేడా లేదు, హార్డ్ బూట్లు వేసుకుని ట్రై చేయనిస్తే ఇంకా మంచిది. బోర్డుని చదునైన బల్ల మీద పెట్టి ముక్కు దగ్గర మడత ఉందేమో పక్క నుంచి చూడండి. టైటనాల్ ఒకసారి వంకర పోతే మళ్లీ సరికాదు. ఎడ్జ్ ఇనుము ఎంత మిగిలిందో వేలితో తడిమి చూడండి, రేసర్ల బోర్డులు పదే పదే పదును పెట్టి అరిగిపోయి ఉంటాయి.

వెర్మాంట్_కిరణ్:
బైండింగ్‌లు విప్పించి ఇన్సర్ట్‌ల (బైండింగ్ స్క్రూలు దిగే రంధ్రాలు) చుట్టూ కూడా చూడన్నా. పైపొర ఉబ్బినా, సన్నటి పగుళ్లున్నా వదిలెయ్. ఆయన ప్లేట్ (బోర్డుకీ బైండింగ్‌కీ మధ్య వేసే పలక) వేసి వాడాడా, నేరుగా బైండింగ్ బిగించాడా అడుగు. ప్లేట్ మీద నడిచిన మెటల్ బోర్డయితే ఇన్సర్ట్‌ల దగ్గర దెబ్బ తక్కువ ఉంటుంది. ప్లేట్ కూడా కలిపి ఇస్తానంటే ధర కాస్త ఎక్కువైనా తీసేసుకో.