అప్‌డేట్: రూబీ హాష్‌లో ‘లేకపోతే లెక్కగట్టి దాచు’ మెథడ్ సంగతి

రూబీ ప్రోగ్రామింగ్ భాషలో కీ, విలువల జతలు దాచే పట్టికే హాష్. అందులో కీ ఉంటే విలువ ఇవ్వాలి, లేకపోతే బ్లాక్ (మనమిచ్చే కోడ్ ముక్క) నడిపి వచ్చినదాన్ని అక్కడే దాచాలి, దీనికి రూబీ హాష్‌లో నేరుగా ఒక మెథడ్ ఉండాలని ఇంతకుముందు అడిగాను కదా. రెండు నిలువు గీతలూ ఈక్వల్ గుర్తూ (||=, ఉన్నది నిల్ అంటే ‘ఏమీ లేదు’ గానీ ఫాల్స్ గానీ అయితే కొత్త విలువ పెట్టేది) చాలవా అని కొందరు అన్నారు. చాలవు. ఫలానా పిన్‌కోడ్‌కి డెలివరీ ఉందా అని బయటి సర్వీసుని అడిగి దాచుకుంటున్నా, జవాబు ఫాల్స్ వచ్చిందంటే అది దాచినా దాచనట్టే, ప్రతిసారీ మళ్లీ కాల్ వెళ్తుంది. హాష్ తయారుచేసేటప్పుడే, కీ లేనప్పుడు నడిచి విలువ దాచే డిఫాల్ట్ బ్లాక్ ఇవ్వమన్న సలహా బాగానే ఉంది గానీ, అలాంటి హాష్‌ని మార్షల్‌తో (డేటాని బైట్లుగా మార్చే రూబీ సదుపాయం) డంప్ చేయబోతే టైప్ ఎర్రర్ వస్తుంది, పైగా ఊరికే చూసినా కొత్త కీ చేరిపోతుంది.

పైథాన్ భాషలో ఇలాంటి పనే చేసే సెట్‌డిఫాల్ట్ కూడా నాకు పనికొచ్చే నమూనా కాదు, కీ ఉన్నా లేకున్నా విలువని ముందే లెక్కగట్టేస్తుంది. జావా 8లో వచ్చిన కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్ దగ్గరగా ఉంది, కాకపోతే నల్ (జావాలో ‘ఏమీ లేదు’) వస్తే దాచదు. నాకు నిల్ కూడా దాచాలి!

ప్రస్తుతానికి ఫెచ్ (కీ లేకపోతే ఇచ్చిన బ్లాక్ నడిపే హాష్ మెథడ్) బ్లాక్ లోపలే అసైన్ చేస్తున్నా. పని జరుగుతోంది, హాష్ పేరు రెండుసార్లు రాయాల్సి రావడమే చిరాకు. కొత్త మెథడ్ పేరు విషయంలో నా ఓటు ‘ఫెచ్ ఆర్ స్టోర్’కే.