ఐస్‌క్రీం పుల్లల స్లెడ్జ్ బండికి గ్లూ గనా, ఫెవికాలా?

తార్నాక అమ్మ:
మా పాప మూడో తరగతి. క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక పక్కన పెట్టడానికి అరచేతిలో పట్టేంత స్లెడ్జ్ బండి (చక్రాలు లేకుండా మంచు మీద జారేది) చేస్తానంటోంది. పుల్లలు, ఎర్ర రంగు బేగంబజార్‌లో తెచ్చేశాం. గ్లూ గన్ అయితే పావుగంటలో అయిపోతుందని మా చెల్లి, ఫెవికాలే వాడమని మా అత్తయ్య. మీరేమంటారు?

కర్రపని:
ఫెవికాలేనండి. పుల్ల చెక్క కదా, తెల్ల జిగురు దానిలోకి ఇంకి ఆరుతుంది, వడ్రంగులు వాడేదీ అదే. గ్లూ గన్‌లోంచి వచ్చేది కరిగిన ప్లాస్టిక్, పైపైన గడ్డకడుతుంది, దాచుకుందామని ఉంచితే మన ఎండాకాలంలో మూసిన కారులో మెత్తబడి పుల్లలు జారిపోతాయి. అదీగాక ఆ గన్ చిన్నదైనా దాని వేడి 120 డిగ్రీలకు అటూ ఇటూ, పెద్దదైతే 190 దాకా, మూడో తరగతి పిల్ల చేతికి ఎలా ఇస్తాం? చివరికి బండి మీరు చేస్తారు, పాప చూస్తూ కూర్చుంటుంది. నా అభ్యంతరం అసలు అక్కడే. కొండపల్లి బొమ్మకు కూడా తెల్లపొణికి కర్రలో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, ఆరేదాకా ఆగుతారు. ఆగడం కూడా ఆ పనిలో భాగమే.

గన్ పార్టీ:
అన్నా, చెప్పడం సులువే. కింద జారే పట్టీలు నిలువుగా నిలబెట్టాలి, పుల్ల అంచు 2 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా ఉండదు, ఫెవికాల్ ఆరేలోపు అది పదిసార్లు పడిపోతుంది, పిల్ల ఏడుస్తుంది. చాలామంది పట్టీల బదులు వంకీ తిరిగిన చారల మిఠాయి కర్రలు పెడతారు, వాటికి తడి జిగురు పూస్తే చక్కెర కరుగుతుంది. అక్కడ గన్ తప్పదు.

కర్రపని:
మిఠాయి మాట ఒప్పుకుంటా, కవర్ తీయకుండా గన్‌తోనే అంటించాలి, అదీ పెద్దవాళ్లే. కానీ తార్నాక అమ్మగారు తెచ్చింది పుల్లలే. ఐదు పుల్లలు పక్కపక్కన పేర్చి అడ్డంగా రెండు ముక్కలు అతికించి, బట్టల క్లిప్పులు పెట్టి వదిలేయండి, అది కూర్చునే పలక. పట్టీ పడిపోకుండా పలకకూ పట్టీకీ మధ్య లోపలి మూలలో చిన్న చెక్కముక్క అతికించండి, అప్పుడు జిగురు పట్టేది సన్నటి అంచును కాదు, వెడల్పు ముఖాన్ని. ముందువైపు వంపు కావాలంటే పుల్లని అరగంట మరిగించి, నెమ్మదిగా వంచి స్టీలు గ్లాసు లోపల దోపి రాత్రంతా వదలండి, వేడికీ తడికీ చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి, ఆరాక ఆ వంపులోనే బిగుస్తుంది. విరిగేవీ ఉంటాయి, ఎక్కువ పుల్లలు వేయండి. మరిగించడం మీరు చేయండి, మిగతాదంతా పాపే చేయగలదు.

తార్నాక అమ్మ:
రంగు ముందా, అతికించడం ముందా అండి?

కర్రపని:
అతికించడమే ముందు. రంగు మీద జిగురు పూస్తే అది చెక్కలోకి ఇంకదు. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు ఆగి, అప్పుడు ఎర్ర రంగు వేయించండి, లాగే తాడుకి సుతిలి చాలు.

గన్ పార్టీ:
ఆ మూల ముక్క ఉపాయం బాగుంది. మిఠాయి బండికి మాత్రం నా ఓటు గన్‌కే.