పాత క్రికెటర్లు బోర్డు వేడుకలకు రావడం బాధ్యతా, వాళ్ల ఇష్టమా?

ఉప్పల్ నార్త్ స్టాండ్:
మా ఆఫీసులో టీ దగ్గర మొదలైన గొడవని ఇక్కడికి తెస్తున్నాను. "క్రికెట్ బోర్డు (బీసీసీఐ) పేరు తెచ్చిపెట్టింది, ఇప్పుడు పెన్షన్ ఇస్తోంది. పిలిచినప్పుడల్లా పాత ఆటగాళ్లు వచ్చి కనిపించాలి, రానివాళ్లది పొగరు" అని ఒక సహోద్యోగి అన్నారు. నేను అస్సలు ఒప్పుకోను. వాళ్లు ఇవ్వాల్సింది గ్రౌండ్‌లోనే ఇచ్చేశారు. ఆ తర్వాత వస్తే సంతోషం, రాకపోతే నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

అసలు పాతవాళ్లు రావడం లేదన్న మాటే సరికాదు. 2025 జనవరి 5న సిడ్నీలో ఏం జరిగిందో గుర్తుందా? ఇండియాతో టెస్టు సిరీస్‌ని ఆస్ట్రేలియా 3-1తో గెలిచింది. బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ ఇచ్చే సమయానికి గవాస్కర్ కామెంటరీ పని మీద అదే గ్రౌండ్‌లో ఉన్నారు. ట్రోఫీ మీద ఆయన పేరుంది. అయినా స్టేజీ మీదికి అలన్ బోర్డర్‌ని ఒక్కరినే పిలిచారు. ట్రోఫీ ఇండియాకి దక్కితే గవాస్కర్, ఆస్ట్రేలియాకి దక్కితే బోర్డర్ ఇవ్వాలని ముందే అనుకున్నామని అక్కడి బోర్డు క్రికెట్ ఆస్ట్రేలియా చెప్పింది. ఇద్దరినీ పిలిచి ఉంటే బాగుండేదని కూడా ఒప్పుకుంది.

అంతకుముందు 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ వరల్డ్ కప్ ఫైనల్. మనకి మొదటి కప్పు తెచ్చిన కపిల్ దేవ్ తనకి పిలుపే రాలేదని, 83 టీమ్ మొత్తం తనతో పాటు ఉంటే బాగుండేదని టీవీలో చెప్పారు. రావడానికి సిద్ధంగా ఉన్నవాళ్లని వదిలేసి, రానివాళ్లకి బాధ్యత గురించి పాఠాలు చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

పాత స్కోర్‌బుక్:
ఉప్పల్ గారూ, పిలవకపోవడం తప్పే. అందులో వాదన లేదు. కానీ ఒకళ్ల తప్పు చూపించి ఇంకొకళ్లకి బాధ్యతే లేదనడం కుదరదు.

నేను హైదరాబాద్ లీగ్ మ్యాచ్‌లకి చాలా ఏళ్లు స్కోరింగ్ చేశాను. ఏ క్రికెటరూ ఒక్కడే తయారవ్వడు. మ్యాటింగ్ పరిచిన గ్రౌండ్ మనుషులు, జీతం లేకుండా కోచింగ్ ఇచ్చినవాళ్లు, ఉద్యోగమిచ్చి మ్యాచ్ రోజుల్లో సెలవిచ్చిన బ్యాంకులు, రైల్వేలు, ఎండలో కూర్చుని రంజీ చూసినవాళ్లు, ఇంతమంది ఉంటారు వెనకాల. బోర్డు ఆఫీసులో కూర్చున్నవాళ్లకి బాకీ లేకపోవచ్చు. వీళ్లందరికీ మాత్రం కొంత ఉంది.

ఈమధ్య ఒక సమ్మర్ క్యాంపులో జైసింహ ఎవరని పిల్లల్ని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. 1968లో ఆస్ట్రేలియా టూర్ మధ్యలో కబురు పెడితే వెళ్లి, ప్రాక్టీసుకి కూడా పెద్దగా సమయం లేకుండానే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 కొట్టిన మన హైదరాబాదీ. ఆయన 1999లో పోయారు. ఇండియాకి టెస్టులాడిన మన హైదరాబాదీ అబిద్ అలీ చివరికి కాలిఫోర్నియాలో స్థిరపడి, 2025లో అక్కడే కన్నుమూశారు. ఆయన పేరు కూడా ఈ పిల్లలకి తెలియదు. మనిషి ఎదురుగా కనిపిస్తేనే పిల్లలు "ఎవరు ఈయన?" అని అడుగుతారు. 2024 జనవరి 23న మన హైదరాబాద్‌లోనే బీసీసీఐ అవార్డులు ఇచ్చినప్పుడు 85 ఏళ్ల మాజీ వికెట్ కీపర్ ఫరూఖ్ ఇంజినీర్ స్టేజీ ఎక్కి సి.కె. నాయుడు జీవితకాల సాఫల్య అవార్డు అందుకున్నారు. అదే హాల్లో శుభ్‌మన్ గిల్ వయసు కుర్రాళ్లున్నారు. ఆయన ఆ వయసులో రాగలిగితే, ఆరోగ్యంగా ఉండి ఊళ్లోనే ఉన్నవాళ్లు ఎందుకు రాకూడదు?

ఉప్పల్ నార్త్ స్టాండ్:
ఇంజినీర్ గారు వచ్చింది తనకి గౌరవం ఇస్తున్నారని, తనకి రావాలనిపించి. అది చూసి మిగతావాళ్లందరికీ రూలు పెట్టలేం కదండీ.

పెన్షన్ మాటకి వస్తాను, ఎందుకంటే అందరూ దాన్నే పట్టుకుంటారు. 2022 జూన్‌లో పెంచినప్పుడు నెలకి 15 వేలు వచ్చేవాళ్లకి 30 వేలు, 37,500 వచ్చేవాళ్లకి 60 వేలు అయింది. మంచి పనే. కానీ అది చేసిన పనికి ఇస్తున్నది, చేయబోయే పనికి అడ్వాన్స్ కాదు. 83లో కప్పు గెలిచొస్తే బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బుల్లేవు. లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసి పెడితే, ఆ డబ్బుతో ఆటగాళ్లకి తలా లక్ష ఇచ్చారు. బోర్డు ఇవాళ ఇంత సంపాదిస్తోందంటే దాని పునాదుల్లో ఆ గెలుపు ఉంది.

అదే కపిల్‌కి 2007లో ఏమైంది? బోర్డుతో సంబంధం లేని ఐసీఎల్ లీగ్‌లో చేరారని నేషనల్ క్రికెట్ అకాడమీ ఛైర్మన్ పదవి నుంచి తీసేశారు, పెన్షన్ ఆపేశారు. 2012లో వంద టెస్టులు దాటినవాళ్లకి కోటిన్నర ఇచ్చినప్పుడు, 131 టెస్టులాడిన మనిషిని మొదట పక్కన పెట్టారు. రాజీ కుదిరాకే ఆయనకి అది అందింది. ఐసీఎల్‌లో మన హైదరాబాద్ హీరోస్‌కి ఆడిన అంబటి రాయుడు కూడా 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టాకే మళ్లీ రంజీ ఆడగలిగాడు. ఇండియా క్యాప్ 2013 దాకా రాలేదు.

మాట వినకపోతే పెన్షన్ ఆగిపోతుందని ఒకసారి చూపించాక, ఆ తర్వాత వచ్చే ప్రతి పిలుపులోనూ ఆ భయం ఉంటుంది. పిలిచేవాళ్లకి ఆ ఉద్దేశం లేకపోయినా సరే, తీసుకునేవాళ్ల మనసులో ఉంటుంది. నా అభ్యంతరం అంతా ఇక్కడే. వేడుకకి రావడాన్ని బాధ్యత అని రాసుకున్న రోజున, రాకపోవడం తప్పవుతుంది. తప్పుకి శిక్ష వేసే దారి బోర్డుకి ఇప్పటికే తెలుసు.

ఆరో నంబర్:
నేను బోస్టన్ దగ్గర ఉంటాను, ఇక్కడి బాస్కెట్‌బాల్ వల్లే ఈ ప్రశ్న గురించి చాలా ఆలోచించాను. బిల్ రసెల్ సంగతి చెప్పాలి.

ఇక్కడి టీమ్ బోస్టన్ సెల్టిక్స్‌కి 13 సీజన్లలో 11 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టైటిళ్లు తెచ్చిన మనిషి. అదే కాలంలో, నల్లజాతివాడని ఈ ఊళ్లోనే అవమానాలు పడ్డాడు. బోస్టన్ పక్కనున్న రెడింగ్‌లో ఆయన ఇంట్లోకి దుండగులు చొరబడి పరుపు పాడుచేసి గోడల మీద బూతులు రాసి వెళ్లారు. 1972 మార్చిలో ఆయన ఆరో నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకుండా టీమ్ రిటైర్ చేసినప్పుడు, ప్రేక్షకులు లోపలికి రాకముందే ఖాళీగా ఉన్న బోస్టన్ గార్డెన్ స్టేడియంలో కొద్దిమంది టీమ్‌మేట్ల మధ్య కానిచ్చారు. అలా కావాలని అడిగింది ఆయనే. 1975లో గొప్ప ఆటగాళ్లకి చోటిచ్చే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైతే ఫంక్షన్‌కి వెళ్లలేదు. తనకంటే ముందు ఆ గౌరవం దక్కాల్సిన నల్లజాతి ఆటగాళ్లున్నారన్నది ఆయన పట్టుదల. వాళ్లలో చక్ కూపర్ 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాకే, అదే ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చే తన ఉంగరాన్ని ప్రైవేటుగా తీసుకున్నాడు.

అప్పట్లో ఎంతమంది పొగరన్నారో ఊహించండి. హాజరు తప్పనిసరి అనే రూలుంటే ఆయన ఏం చేసేవాడు? వచ్చి నోరు మూసుకుని నిలబడాలి, లేదా లీగ్‌తో పూర్తిగా తెంచుకోవాలి. అలాంటి రూలు లేదు కాబట్టి ఆయన 'రాను' అన్న మాట 44 ఏళ్లు బతికింది, దానికి ఒక అర్థం వచ్చింది. నా దృష్టిలో ఆయన ఆటకి చేసిన సేవల్లో అదొకటి.

1999లో బోస్టన్ మళ్లీ పిలిస్తే అభిమానుల ముందుకి వచ్చాడు. 2009లో ఎన్‌బీఏ ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి అవార్డుకి ఆయన పేరు పెట్టాక, తర్వాత ఎన్నోసార్లు స్వయంగా వచ్చి కుర్రాళ్ల చేతికి ఆ ట్రోఫీ ఇచ్చాడు. ఎవరి బలవంతమూ లేదు.

లెగ్ స్లిప్:
ఒక్క డౌట్. ఫ్రాంచైజీ దగ్గర మెంటార్ అనో, టోర్నమెంట్ అంబాసడర్ అనో డబ్బు తీసుకునేవాళ్ల సంగతి?

ఉప్పల్ నార్త్ స్టాండ్:
రావాల్సిందే. అది కాంట్రాక్ట్, సంతకం పెట్టారు. నేను మాట్లాడేది ఏ సంతకమూ పెట్టనివాళ్ల గురించి.

పాత స్కోర్‌బుక్:
ఆరో నంబర్ గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఒక కారణం కోసం రానన్నవాళ్ల జోలికి నేను వెళ్లను. కానీ అందరూ రసెల్‌లు కారు. కొందరికి బద్ధకం, కొందరికి పాత కక్షలు. మధ్యలో నష్టపోయేది అభిమాని.

2012 ఆగస్టు గుర్తుచేసుకోండి. న్యూజిలాండ్‌తో ఉప్పల్ టెస్టుకి లక్ష్మణ్ టీమ్‌లో ఉన్నాడు. సొంతూరిలో ఆడి, మా చప్పట్ల మధ్య వెళ్లిపోతాడని ఎంత ఎదురుచూశామో! 18న ప్రెస్ మీట్ పెట్టి రిటైరైపోయాడు, 23న మ్యాచ్. ఆ టెస్టు ఆడి వెళ్లమని ఎంతమంది చెప్పినా వినలేదు. కుర్రాళ్లకి చోటివ్వాలన్నాడు. ఆయన మీద గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు, కానీ ఆ వీడ్కోలు మాకు దక్కాల్సిందని ఇవాళ్టికీ అనుకుంటాను. ఆ ఆశ పెట్టుకునే హక్కు కూడా మాకు లేదంటే నేను ఒప్పుకోను.

మధురవాడ ఎండ్:
స్కోర్‌బుక్ అన్నా, ఆశ పడండి, ఎవరొద్దన్నారు! మేమూ పడతాం. అది తీరకపోతే ఆటగాడిని తప్పుపట్టొద్దు, అంతే.

ఈ చర్చలో అందరూ మగవాళ్ల పేర్లే చెప్పారు కాబట్టి నేను రెండు మాటలు రాస్తాను. మహిళా క్రికెట్ 2006 దాకా బీసీసీఐ కిందే లేదు. అంతకుముందు ఆడినవాళ్లు రిజర్వేషన్ లేని రైళ్లలో తిరిగారు, సొంత డబ్బు పెట్టుకున్నారు. వాళ్లు బోర్డుకి ఏం బాకీ ఉన్నట్టు? ఏమీ లేదు. అయినా పిలిస్తే వస్తారు, ఎందుకంటే ఆటంటే వాళ్లకి అంత ప్రాణం.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ టీమ్ వరల్డ్ కప్ గెలిచాక చూశారుగా. కప్పు తీసుకెళ్లి మాజీ ఆటగాళ్లు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి చేతుల్లో పెట్టారు. 2005లో, 2017లో కెప్టెన్‌గా ఫైనల్ ఓడిపోయిన మిథాలీ ఆ కప్పు పట్టుకుంటే నేను టీవీ ముందు ఏడ్చేశాను. దానికి ఆహ్వాన పత్రికా లేదు, ప్రోటోకాల్ కూడా లేదు, ఆడే పిల్లలకే తోచింది. అంతకు కొద్ది రోజుల ముందే మా వైజాగ్ స్టేడియంలో మిథాలీ పేరు, ఇండియాకి వికెట్ కీపర్‌గా ఆడిన మన రావి కల్పన పేరు పెట్టారు. ఆటోడ్రైవర్ కూతురు కల్పన పేరు స్టేడియంలో కనబడితే, అక్కడ ప్రాక్టీసుకొచ్చే ఆడపిల్లలకి ఎంత ధైర్యం!

ఉప్పల్ నార్త్ స్టాండ్:
మధురవాడ గారూ, ధన్యవాదాలు. మా సహోద్యోగికి ఈ పోస్టే చూపిస్తాను.

స్కోర్‌బుక్ గారూ, పిల్లలకి పాతవాళ్లు తెలియాలన్న మీ బాధ నాదీ. దానికి మార్గం ఆటగాళ్ల మీద ఒత్తిడి పెట్టడం కాదు, అసోసియేషన్ల మీద పెట్టడం. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు ఫోన్ చేసి రమ్మనడం పిలుపు కాదు. నెల ముందు ఉత్తరం రాయాలి. పెద్దవయసువాళ్లకి తోడుగా వచ్చే మనిషికి కూడా టికెట్ పెట్టాలి. స్టేజీ మీద మంత్రి వెనకాల కుర్చీ వేయకూడదు. రాలేనంటే 'సరేనండీ' అనాలి, వచ్చే ఏడాది మళ్లీ పిలవాలి.

ఒక పని చేద్దాం. హైదరాబాద్ చివరిసారి రంజీ గెలిచింది 1986-87లో, కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. 2027కి నలభై ఏళ్లవుతుంది. ఆయన ఉత్తర ఐర్లాండ్‌లో స్థిరపడ్డారు కాబట్టి పిలుపు ఇప్పుడే వెళ్లాలి. ఆ టీమ్ మొత్తాన్ని కుటుంబాలతో సహా ఉప్పల్‌కి పిలవమని అసోసియేషన్‌కి ఉత్తరం రాస్తాను. ఆ సీజన్ స్కోర్‌కార్డులు మీ దగ్గర ఉంటే, టీమ్‌లో ఆడిన ప్రతి ఒక్కరి పేరూ ఇక్కడ పెట్టండి. ఒక్క మ్యాచ్ ఆడినవాళ్లని కూడా వదలొద్దు.

పాత స్కోర్‌బుక్:
ఉన్నాయి. ఆదివారం కూర్చుని ఎక్కిస్తాను. ఉత్తరంలో నా సంతకం కూడా పెట్టండి.