బేస్ గుయ్‌మంటోంది, గొంతు స్పష్టంగా లేదు. ఆంప్లిఫయర్ మార్చాలా, డాక్ కొనాలా?

రాగమాలిక:

అందరికీ నమస్కారం. ఇంట్లో పాటలు వినే సెటప్‌ని కాస్త మెరుగుపరుచుకుందామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తేలడం లేదు.

ఇప్పుడున్నవి: 5 అంగుళాల వూఫర్ (బేస్ మోగించే పెద్ద కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, సెన్సిటివిటీ 86 డెసిబెల్స్. 50 వాట్ల స్టీరియో ఆంప్లిఫయర్. పాటలు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వస్తాయి. గది పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.3, ఎత్తు 3. స్పీకర్లు టీవీ బల్లకి రెండు చివర్లా, గోడకి ఆనించి, దాదాపు మూలల్లో ఉన్నాయి. సోఫా ఎదురుగోడకి ఆనుకుని ఉంది. కింద టైల్స్.

బేస్ గిటార్ ఒకటి రెండు స్వరాల దగ్గరికి రాగానే గదంతా గుయ్‌మంటుంది. పక్క స్వరాలు మామూలుగానే ఉంటాయి. గాయని గొంతు మధ్యలో నిలబడకుండా అటూ ఇటూ పరుచుకుపోతుంది. 'స', 'శ' వచ్చినప్పుడు చెవిలో గుచ్చుతుంది. వాల్యూమ్ పెంచితే గొంతు ముందుకు రాదు, గుయ్‌మనడమే పెరుగుతుంది. అదే పాట అదే ఫోన్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.

తెలిసినవాళ్ళలో ఒకరు 100 వాట్ల ఆంప్ కొనమంటున్నారు, ఇంకొకరు మంచి డాక్ (DAC, డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) కొనమంటున్నారు. రెండూ కొనలేను. ఏది ముందు?

తరంగం:

రాగమాలిక గారూ, దయచేసి ప్రస్తుతానికి రెండూ కొనకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. హెడ్‌ఫోన్స్‌లో బాగుందంటే రికార్డింగ్ మంచిదే, ఫోనూ మంచిదే. హెడ్‌ఫోన్స్‌కి గదితో పని లేదు, స్పీకర్లకి ఉంది. నేను ముందు గదినే అనుమానిస్తాను.

వాట్ల సంగతి తేల్చేద్దాం. 86 డెసిబెల్స్ అంటే 1 వాట్ ఇచ్చినప్పుడు 1 మీటర్ దూరంలో వచ్చే శబ్దం. 50 వాట్లు ఇస్తే దానికి 17 కలిసి 103 అవుతుంది. మీరు కూర్చునే మూడున్నర మీటర్ల దూరానికి, ఆరుబయట అయినా, 11 తగ్గి 92 మిగులుతుంది. గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత కూడా తగ్గదు, పైగా మీకున్నవి రెండు స్పీకర్లు. ఇంట్లో వినడానికి ఇది చాలా ఎక్కువ. 100 వాట్లకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పది రెట్లు పవర్ కావాలి. మీ ఆంప్ కష్టపడుతున్న లక్షణం ఏదీ మీరు చెప్పలేదు. గొంతు చీలినట్టు రావడమో, అది వేడెక్కి ఆగిపోవడమో ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

ఇక అసలు విషయం. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. రెండు ఎదురెదురు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని ఫ్రీక్వెన్సీల (సెకనుకి ఎన్ని కంపనాలన్న లెక్క, హెర్ట్జ్‌లలో చెప్తారు) దగ్గర నిలబడిపోతుంది. వీటిని రూమ్ మోడ్స్ అంటారు. 343ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే మొదటిది వస్తుంది. మీ గదికి 41 హెర్ట్జ్. దాని తర్వాతది 82. వెడల్పు లెక్క వేస్తే 52, ఎత్తుకి 57. 5 అంగుళాల వూఫర్ 41 దగ్గర పెద్దగా ఏమీ ఇవ్వలేదు కానీ 82 దగ్గర గట్టిగానే ఇస్తుంది. బేస్ గిటార్‌లో తరచూ వాయించే స్వరాలు కొన్ని సరిగ్గా అక్కడే ఉంటాయి. 'ఒకటి రెండు స్వరాలే' అన్నారు చూడండి, అది మోడ్ లక్షణం. ఆంప్ లోపమైతే ఇలా స్వరాన్ని ఎంచుకుని రాదు.

ఈ మోడ్స్ అన్నింటికీ ఒత్తిడి గోడ దగ్గర ఎక్కువ, మూలలో ఇంకా ఎక్కువ. మీ స్పీకర్లు మూలల్లో ఉన్నాయి, మీ తల వెనక గోడ దగ్గర ఉంది. పుట్టే చోటా, వినే చోటా రెండు వైపులా దాన్ని పెంచుతున్నారు.

82 హెర్ట్జ్ మోడ్‌కి మీ గదిలో వెనక గోడ నుంచి 1.05 మీటర్ల దగ్గర ఒత్తిడి సున్నాకి చేరుతుంది. సోఫాని అంత ముందుకి లాగమని చెప్పను, అక్కడ ఆ స్వరం మరీ పల్చబడుతుంది. మీ తల గోడకి 70 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా జరపండి. లెక్క ప్రకారం గోడ దగ్గరితో పోలిస్తే ఆ ఒత్తిడి సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు వేల పాటలు విన్న చెవి అక్కర్లేదు, ఎవరికైనా తెలిసేంత తేడా ఇది. గది నడి మధ్యలో మాత్రం కూర్చోకండి. అక్కడ 41 పూర్తిగా మాయమై 82 మళ్ళీ పెరుగుతుంది.

స్పీకర్లని మూలల్లోంచి బయటికి తెచ్చి, రెంటి మధ్య దాదాపు 2 మీటర్లు ఉంచండి. వెనక గోడ నుంచి ఒక జానెడైనా ముందుకి లాగండి. వెనకవైపు రంధ్రం ఉన్న స్పీకర్లయితే ఇంకాస్త ఎక్కువ. ట్వీటర్ (పై స్వరాలు మోగించే చిన్న కోన్) మీ చెవి ఎత్తులో ఉండాలి. టీవీ బల్ల పొట్టిదైతే స్పీకర్ కింద ముందువైపు ఏదైనా పెట్టి పైకి వాల్చండి. రెండు స్పీకర్లూ మీకు సమాన దూరంలో ఉండేలా చూసుకుంటే గొంతు మధ్యలోకి వస్తుంది.

'స', 'శ' గుచ్చడానికి టైల్స్, ఖాళీ గోడలు కారణం కావచ్చు. చప్పట్లు కొట్టి చూడండి. చివర్లో టిర్ర్‌మని చిన్న మోత వినిపిస్తే గోడల మధ్య శబ్దం గంతులేస్తోందని అర్థం. మీరు సోఫాలో కూర్చుని ఇంకొకరిని పక్క గోడ మీద అద్దం పట్టుకుని జరుపుతూ రమ్మనండి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటే శబ్దం మొదటిసారి తగిలి మీ చెవికి వస్తోంది. ఆ చోట్లలో నిండా పుస్తకాలున్న అల్మరా కానీ, మందపాటి రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార) ప్యానెల్ కానీ పెట్టండి. నేల మీద స్పీకర్లకీ సోఫాకీ మధ్య దళసరి కార్పెట్ వేయండి. పల్చటి ఫోమ్ షీట్లు గోడంతా అతికించకండి. అవి పై ఫ్రీక్వెన్సీలని మాత్రమే తినేస్తాయి, బేస్ జోలికి పోలేవు. 82 హెర్ట్జ్ తరంగం పొడవు 4 మీటర్ల పైనే. దాని ముందు అంగుళం ఫోమ్ ఎంత?

ఇవన్నీ చేసి విన్నాక అప్పుడు కొనడం గురించి మాట్లాడదాం.

నీలిదీపం:

తరంగం గారితో గది విషయంలో ఏకీభవిస్తాను, కానీ డాక్‌ని మరీ తీసిపారేయకండి. నేను డాక్ పెట్టుకున్నాక తేడా స్పష్టంగా తెలిసింది. పైగా రాగమాలిక గారు వింటున్నది బ్లూటూత్‌లో. ఎస్‌బీసీ కోడెక్ (బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే మామూలు పద్ధతి) అయితే సాధారణంగా సెకనుకి 328 కిలోబిట్స్ దాటదు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1,411 కిలోబిట్స్. అంత నలిపేస్తే ఏం మిగులుతుంది?

తరంగం:

నీలిదీపం గారూ, బ్లూటూత్ మాట నిజమే, ఎలాగూ వైరు పెట్టి వినడం మంచిది. దానికి ఒక మామూలు కేబుల్ చాలు. అయితే ఎస్‌బీసీ వల్ల ఒక స్వరం గుయ్‌మనదు, గొంతు గోడల మీదికి పరుచుకోదు. ఇక్కడున్న జబ్బు అది కాదు.

డాక్ మార్చినప్పుడు తేడా మీకు తెలిసిందంటే నేను నమ్ముతాను. ఒక్కటి మాత్రం చూసుకోండి: రెండింటి వాల్యూమ్ కొలిచి సమానం చేశారా? వేర్వేరు డాక్‌ల అవుట్‌పుట్ వోల్టేజ్ వేర్వేరుగా ఉంటుంది. అర డెసిబెల్ ఎక్కువైనా మన చెవికి అది 'గట్టిగా' అనిపించదు, 'స్పష్టంగా' అనిపిస్తుంది. మల్టీమీటర్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ సమానం చేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరిని మార్చమని చెప్పి వినండి. అప్పటికీ తెలిస్తే అది మంచి డాకే, సంతోషంగా ఉంచుకోండి. కొత్తవాళ్ళకి మొదటి ఖర్చుగా మాత్రం నేను సలహా ఇవ్వలేను. ఈ ఒక్క పరీక్ష చేయకుండా వస్తువు మీద వస్తువు మార్చుకుంటూ విసిగిపోయి, చివరికి పాటలు వినడమే తగ్గించేసినవాళ్ళని చూశాను. నాకు బాధ కలిగేది అక్కడే.

సోల్డర్ వాసన:

స్పీకర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. గది సర్దే ముందు 10 నిమిషాల పని ఒకటి చెప్తాను.

గొంతు మధ్యలో నిలబడట్లేదంటే మొదట చూడాల్సింది వైరు ప్లస్ మైనస్. ఒక స్పీకర్‌కి తిరగబడి ఉంటే రెండు కోన్లూ ఎదురెదురుగా కదులుతాయి. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు, బేస్ కూడా పల్చబడుతుంది. మీకు బేస్ ఎక్కువే అంటున్నారు కాబట్టి అలా ఉండకపోవచ్చు, అయినా చూడండి. రెండు స్పీకర్లూ పక్కపక్కన పెట్టి మోనోలో (రెంటిలోనూ ఒకే శబ్దం వచ్చేలా) ఒక పాట వేయండి. ఒకదాని వైర్లు తిప్పి మళ్ళీ వినండి. బేస్ నిండుగా వచ్చిందే సరైన కనెక్షన్. వైర్లు తిప్పేటప్పుడు ఆంప్ ఆఫ్ చేయడం మరవకండి.

స్పీకర్లు పాతవైతే కోన్ చుట్టూ ఉండే అంచుని వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అంచు అయితే ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు ఎక్కువ కాలం నిలుస్తుంది. అంచు పోతే అంచు ఒక్కటే మార్పించవచ్చు, స్పీకర్ పారేయక్కర్లేదు.

వైరు గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లు వేస్తే రానూ పోనూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. అసలు రాగి అయ్యుంటే చాలు. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి తీసుకోకండి.

రాగమాలిక:

అందరికీ చాలా థాంక్స్. చెప్పినవి చాలావరకు చేశాను. వైర్లు సరిగ్గానే ఉన్నాయి, అంచు రబ్బరుదే. ఫోన్‌కి కేబుల్ పెట్టాను.

సోఫా ముందుకి జరిపి కూర్చోగానే మా ఇంట్లోవాళ్ళు కూడా 'ఏం మార్చావు?' అని అడిగారు. గొంతు ఇప్పుడు టీవీ మీద సరిగ్గా మధ్యలో ఉంది. ఒక పాటలో వెనకాల రెండో గొంతు ఉందని మొదటిసారి స్పీకర్లలో విన్నాను. కార్పెట్ వేశాక 'స' గుచ్చడం తగ్గింది. చప్పట్ల మోత ఇంకా కొంచెం ఉంది, అల్మరా జరపాలి.

గుయ్‌మనడం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పైగా ఇప్పుడు కింది బేస్ తక్కువైనట్టుంది. సబ్‌వూఫర్ (కింది బేస్ కోసమే ఉండే విడి స్పీకర్) కొనవచ్చా? లేక ముందు స్పీకర్లే మార్చాలా?

తరంగం:

చాలా ఆనందంగా ఉంది! ఆ రెండో గొంతు ఎప్పటినుంచో ఆ పాటలో ఉంది, ఇప్పుడు దానికి దారి దొరికింది.

కొనే ముందు ఒకసారి కొలవండి. ఆర్‌ఈడబ్ల్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తి పేరు రూమ్ ఈక్యూ విజార్డ్. యూమిక్-1 లాంటి క్యాలిబ్రేట్ చేసిన (కొలత సరిచూసిన) యూఎస్‌బీ మైక్‌ని మీ తల ఉండే చోట పెట్టి 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వీప్ (కింది నుంచి పైకి జారుతూ పోయే స్వరం) వేయండి. గుట్టలూ గుంటలూ గ్రాఫ్‌లో కనిపిస్తాయి. మిగిలిన గుట్ట 82 దగ్గరే ఉంటే ఈక్వలైజర్‌లో (ఈక్యూ, ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సదుపాయం) ఆ ఒక్క చోట సన్నగా తగ్గించండి. గుంటల్ని మాత్రం ఈక్యూతో నింపబోకండి. అక్కడ తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఎంత పవర్ పోసినా అది కూడా కొట్టుకుపోతుంది, వూఫర్ మీద భారం ఒక్కటే మిగులుతుంది.

సబ్‌వూఫర్ మంచి ఆలోచనే, 5 అంగుళాల వూఫర్‌కి నిజంగా సాయం కావాలి. అది ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చూడటానికి బాగున్న చోటుని బట్టి తేల్చకండి. సబ్‌ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బేస్ సమంగా, ఉబ్బకుండా వినిపిస్తే సబ్‌ అక్కడ పెట్టాలి. క్రాసోవర్ (సబ్ పని ఆగి స్పీకర్ల పని మొదలయ్యే చోటు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. వీలైతే 80 కింద ఉన్నదంతా మీ స్పీకర్లకి పోకుండా ఆపండి, వాటికి గొంతు మీద తీరిక దొరుకుతుంది.

స్పీకర్లు మార్చడం దాని తర్వాత. మార్చే రోజు వచ్చినప్పుడు వాట్లూ, వూఫర్ సైజూ చూసి కొనకండి. కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ తర్వాత హర్మన్ అనే ఆడియో కంపెనీలోనూ శబ్ద పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ఏళ్ళ తరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించారు. ఏ స్పీకరో కనబడనప్పుడు ఎక్కువమంది మెచ్చినవి ఎదురుగా సమంగా మోగేవీ, పక్కలకి వెళ్ళే శబ్దం కూడా ఎగుడుదిగుళ్ళు లేకుండా ఉండేవీ. అందుకే 30, 60 డిగ్రీల పక్కనుంచి కొలిచిన గ్రాఫ్‌లు ఉన్న మోడల్స్‌నే చూడండి. మీ గది గోడల మీద పడి మీ చెవికి వచ్చేది ఆ పక్క శబ్దమే.

రాగమాలిక:

మైక్ తెప్పించుకుంటాను. ఒక్క చిన్న సందేహం. రాత్రి తక్కువ వాల్యూమ్‌లో వింటే బేస్ అసలు లేనట్టే ఉంటుంది. ఇది కూడా గదేనా?

సోల్డర్ వాసన:

అది చెవి లక్షణం. శబ్దం తగ్గేకొద్దీ మనకి కింది ఫ్రీక్వెన్సీలు ముందు వినబడకుండా పోతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే ఇది కొలిచి చూపించారు. మీ ఆంప్ మీద 'లౌడ్‌నెస్' బటన్ ఉందేమో చూడండి, అది ఇందుకే పెట్టారు. రాత్రి ఆన్ చేయండి, పగలు గట్టిగా వినేటప్పుడు ఆఫ్ చేయండి. బటన్ లేకపోతే బేస్ నాబ్ ఒక గీత పెంచుకోండి.