హీలియంను ‘కనుగొన్నారు’ అనొచ్చా? కనబడు, కనిపెట్టు, కనుగొను

ప్రశ్న (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి పిల్లలు గోడపత్రిక తయారు చేస్తున్నారు. దాని శీర్షిక: “హీలియంను కనుగొన్నది 1868లో, మన గుంటూరులోనే”. దీని మీద ఇద్దరు టీచర్లకు పట్టింపు వచ్చింది. ‘కనుగొన్నది’ కాదు, ‘కనిపెట్టింది’ అని రాయాలంటారు ఒకరు. ఆ రోజు కనబడింది ఒక పసుపు గీత, గీత చూసినంత మాత్రాన మూలకాన్ని కనుగొన్నట్టా అని రెండోవారి ప్రశ్న. మొదటిది తెలుగు పేచీ. రెండోది సైన్సు తత్వశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న పేచీ అని విన్నాను. రెండింటికీ కలిపి తేల్చి చెప్పండి. ఏ క్రియ పెట్టాలి?

జవాబు (కడప, తెలుగు బోధన)

ముందు తేలికది. పాఠ్యపుస్తకాలు ఒక విభజన పెట్టుకున్నాయి: ముందే ఉన్నదాన్ని కనుగొంటాం, లేనిదాన్ని తయారుచేస్తే కనిపెడతాం. గురుత్వాకర్షణను కనుగొన్నారు, ఆవిరియంత్రాన్ని కనిపెట్టారు. పరీక్షలకు ఇది చాలు, జనం మాత్రం ఇట్లా వాడరు. ‘కనిపెట్టు’లో ఉన్నది ‘కని’, అంటే చూసి. దొంగను కనిపెట్టినారు అంటాం, ఆ దొంగను ఎవరూ తయారుచేయలేదు. చేను కనిపెట్టుకొని ఉండమంటే కాపలా ఉండమని. ఈ అర్థాలన్నీ ఉన్నదాన్ని చూడడం చుట్టూనే తిరుగుతాయి. ‘కనుగొను’ పాత కావ్యాల్లో ఉత్త ‘చూచు’. ఈరోజు మనం దానికి ఇచ్చే బరువు తర్వాత వచ్చింది.

ఆ బరువు ఎంతో తూచి చూడొచ్చు. ప్రతి క్రియకూ వెనకాల “కానీ అది లేదు” అని తగిలించండి. “పాము కనబడింది, దగ్గరికి పోయి చూస్తే తాడు.” ఈ వాక్యానికి ఏ ఇబ్బందీ లేదు. “పాము ఉందనుకున్నారు కానీ లేదు.” ఇదీ నిలబడుతుంది. “పామును కనుగొన్నారు కానీ అక్కడ పాము లేదు.” ఇది నిలబడదు. అంటే ‘కనబడు’ చూపు గురించి చెప్పి ఊరుకుంటుంది, ‘కనుగొను’ అయితే వస్తువు ఉందని చెప్పేవాడి చేత పూచీ రాయించుకుంటుంది. మీ రెండో టీచరు పట్టుకున్నది ఈ పూచీనే. వారి పట్టింపు న్యాయమైనది.

జవాబు (అనంతపురం, భౌతికశాస్త్రం)

ఆ పూచీ ఎవరు ఎప్పుడు రాసిచ్చినారో తేదీలతో చూస్తే శీర్షికలో తప్పు దానంతటదే బయటపడుతుంది.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చినాడు. సూర్యుడి అంచున లేచే మంటల్లాంటి ఉబ్బుల వెలుగును వర్ణపటదర్శినితో విడదీస్తే ప్రకాశమైన గీతలు కనబడినాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు తట్టింది. మరుసటి రోజే చూసినాడు. గుంటూరులో ఆయన సాధించింది నిజానికి ఈ పద్ధతి. అక్టోబర్ 20న ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ ఇదే పద్ధతిని సొంతంగా సాధించినాడు. ఇద్దరి కబుర్లూ అక్టోబర్ 26న ఒకే రోజు పారిస్ అకాడమీ ముందుకు వచ్చినాయి.

ఇక పసుపు గీత. వేడెక్కిన ప్రతి మూలకం వెలుగులో దానికే సొంతమైన రంగుగీతలు ఉంటాయి, వేలిముద్రల్లాగా. సోడియానికి పసుపులో రెండు గీతలు: తరంగదైర్ఘ్యం 589.6, 589.0 నానోమీటర్లు. కొత్త గీత 587.6 దగ్గర. తేడా ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. గ్రహణం ఆ కొన్ని నిమిషాల్లో కొలత సరిగా అందదు, అందుకే మొదట చూసినవాళ్లు దాన్ని సోడియం గీతగానో, దానికి దగ్గరిదిగానో రాసుకున్నారు. పట్టపగలు, తొందర లేకుండా కొలిచినప్పుడే ఇది సోడియంది కాదని లాక్యర్‌కు తేలింది. తర్వాత రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లండ్‌తో కలిసి హైడ్రోజన్‌ను రకరకాల పీడనాల్లో పరీక్షించి చూసినాడు. ఆ గీత రాలేదు. హీలియం పేరు బయటి ప్రపంచానికి తెలిసింది 1871లో, కెల్విన్ ప్రసంగంలో. ఆయన కూడా అది కొత్త పదార్థాన్ని ‘సూచిస్తున్నట్టుంది’ అనే మాట్లాడినాడు.

భూమ్మీద అది దొరికింది 1895లో. విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి వచ్చిన వాయువును పరీక్షించినాడు. వెతికింది ఆర్గాన్ కోసం, కనబడింది 587.6 గీత. ఇంకోటి. రామ్సే కంటే కొన్నేళ్ల ముందే అమెరికాలో హిల్‌బ్రాండ్ ఇట్లాంటి ఖనిజం నుంచే అదే వాయువును రాబట్టి, నైట్రోజన్ అనుకున్నాడు. హీలియం ఆయన గాజుగొట్టంలోనే ఉన్నా ఆయన హీలియంను కనుగొన్నాడని ఎవరూ అనరు. కాబట్టి ‘కనుగొను’కు వస్తువు ఎదురుగా ఉంటే చాలదు, ఇది ఫలానాది అని గుర్తుపట్టాల. గుంటూరులో గుర్తుపట్టడం జరగలేదు.

మళ్లీ ప్రశ్న (కర్నూలు)

గుంటూరును వదిలేద్దాం సార్. లాక్యర్ గుర్తుపట్టినాడు కదా, కొత్త మూలకమని చెప్పినాడు, చెప్పింది నిజమైంది. “లాక్యర్ 1868లో కనుగొన్నాడు” అంటే తప్పేముంది?

జవాబు (కడప, తత్వశాస్త్రం)

తప్పేముందో హీలియం ఒక్కదాన్నే చూస్తే తెలియదు. దానితోపాటు పుట్టిన ఇంకో రెండు మూలకాలను పక్కన పెట్టాల.

1864లో విలియం హగ్గిన్స్ ఒక నెబ్యులా (అంతరిక్షంలోని వాయుమేఘం) వెలుగులో ఆకుపచ్చ గీతలు చూసినాడు, 500.7, 495.9 నానోమీటర్ల దగ్గర. తెలిసిన ఏ మూలకంతోనూ కుదరలేదు. దాన్ని కొత్త మూలకానికి ఆపాదించినారు, తర్వాత దానికి నెబ్యులియం అని పేరు వచ్చింది. 1869 ఆగస్టు 7 గ్రహణంలో సూర్యుడి కరోనాలో (చుట్టూ కనబడే పలచని వెలుగు వలయంలో) 530.3 దగ్గర ఆకుపచ్చ గీత కనబడింది. అదీ తెలిసినవాటితో కుదరలేదు. కరోనియం అన్నారు. మెండెలీవ్ అంతటివాడు దానికి హైడ్రోజన్ కంటే తేలికైన మూలకంగా పట్టికలో చోటు చూపినాడు.

మూడు గీతలు, మూడింటికీ ఒకటే తర్కం: ఈ గీత దేనిదీ కాదు, కాబట్టి కొత్త మూలకానిది. 1895లో హీలియం చేతికి వచ్చింది. 1927లో బోవెన్ నెబ్యులియం గీతలు రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్‌వని తేల్చినాడు. మన గాలి ఎంత పలచబరిచినా అక్కడున్నంత పలచన కాదు కాబట్టి ఆ గీతలు ప్రయోగశాలలో కనబడవు. 1939లో గ్రోట్రియన్ దారి చూపితే 1940ల మొదట్లో ఎడ్లెన్ కరోనియం గీత ఇనుముదని నిరూపించినాడు, 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. కరోనా వేడి పది లక్షల డిగ్రీల దాకా ఉంటేనే అది సాధ్యం. అంతవేడి ఎవరి ఊహలోనూ లేదు.

ఇప్పుడు 1890లో నిలబడి మూడింటినీ చూడండి. ఆధారం సమానం. ఆనాడు “హీలియంను కనుగొన్నారు” అని రాసే హక్కు ఉంటే “కరోనియంను కనుగొన్నారు” అనే హక్కూ అంతే ఉంది. ఈరోజు ఆ రెండో వాక్యం తెలుగులో నిలబడదు, ముందు చెప్పిన తూకం ప్రకారం. అంటే ‘లాక్యర్ 1868లో కనుగొన్నాడు’ అన్నప్పుడు 1895 నాటి జ్ఞానాన్ని 1868 తేదీ కింద రాస్తున్నామన్నమాట.

తత్వశాస్త్రంలో పేచీ సరిగ్గా ఇక్కడే. కంటికి కనబడని వస్తువుల గురించి నెగ్గిన సిద్ధాంతం చెప్పేది దాదాపు నిజం అనేవాళ్లు ఒక పక్షం. వాళ్ల బలమైన వాదాన్ని 1975లో పుట్నమ్ చెప్పినాడు: ఆ వస్తువులు లేకుండానే సైన్సు ఇంత బాగా పనిచేస్తే అది అద్భుతమే అవుతుంది. దీనికి ఎదురు 1981లో లారీ లౌడన్ పట్టిక పెట్టినాడు. ఫ్లోజిస్టన్ (మండేవాటిలో ఉంటుందనుకున్న పదార్థం), కెలోరిక్ (వేడిని మోస్తుందనుకున్న ద్రవం), ఈథర్ (వెలుగును మోస్తుందనుకున్న మాధ్యమం), ఇవన్నీ వాటి కాలంలో పనిచేసినవే, ఇప్పుడు లేవు, మరి మనవి మాత్రం ఉంటాయని ధైర్యమేమి? 1980లో వాన్ ఫ్రాసెన్ చెప్పింది మూడోదారి. సిద్ధాంతం కనబడేవాటితో సరిపోతే చాలు, దాన్ని అంగీకరించు, వాడుకో, కనబడనివి ఉన్నాయని నమ్మే బాధ్యత లేదు. తెలుగులో చెప్పాలంటే ఆయన సైన్సును ‘కనబడు’ దగ్గర నిలబెట్టి, ‘కనుగొను’ను చూడగల వస్తువులకే ఉంచమన్నాడు.

నా మటుకు నేను మొదటి పక్షమే, కాస్త షరతుతో. కరోనియం ఆ ఒక్క గీత తప్ప వేరే పని ఏదీ చేయలేదు. దాని బరువు ఇంత ఉంటుంది, ఫలానా చోట దొరుకుతుంది అని ముందుగా చెప్పి నెగ్గిందేమీ లేదు. అట్లాంటిదాన్ని ‘నెగ్గిన సిద్ధాంతం’ లెక్కలో వేసి, చూడు ఓడిపోయింది అనడం సరికాదు. లౌడన్ పట్టికలో దేనిది ఎంత విజయమో విడివిడిగా తూచాల.

జవాబు (అనంతపురం, భూగర్భజలాల సర్వే)

మా పనిలో ఈ పేచీ వారం వారం వస్తుంది కాబట్టి ఒక మాట. బోరుకు పాయింటు పెట్టేముందు భూమి విద్యుత్ నిరోధం కొలుస్తాం. నాలుగు కడ్డీలు ఒకే గీతలో, సమాన దూరంలో దిగ్గొడతాం. చివరి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం. వోల్టేజిని కరెంటుతో భాగించి, కడ్డీల మధ్య దూరంతోనూ 2π (సుమారు 6.28)తోనూ గుణించాల. దూరం 20 మీటర్లు, భాగిస్తే వచ్చింది అర ఓమ్ అనుకుందాం. లెక్క సుమారు 63 ఓమ్-మీటర్లు. దూరం పెంచుకుంటూ పోతే లోతు తెలుస్తుంది. నేల ఎండి కడ్డీ సరిగా పట్టకుంటే ఉప్పునీళ్లు పోయాల. పక్కనే ఇనుప పైపో కంచో ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది.

మాది ఎక్కువగా గ్రానైటు నేల. గట్టి బండకు వేల ఓమ్-మీటర్లు వస్తుంది. 63 వచ్చిందంటే కింద బండ చితికి నీళ్లు పట్టి ఉండొచ్చు. ఉత్త బంకమట్టి అయినా అదే అంకె వస్తుంది. ఒకే అంకె, రెండు కారణాలు. అందుకే రిపోర్టులో “నీళ్లు కనుగొన్నాం” అని రాయము, “నీటి అవకాశం ఉన్న పొర” అని రాస్తాం. బోరు వేసినాక రైతు “నీళ్లు పడినాయి” అంటాడు. ఆ మాటతో పూచీ పూర్తి. హీలియానికి 1895లో నీళ్లు పడినాయి, కరోనియం బోరులో దుమ్ము లేచింది.

జవాబు (అనంతపురం, భౌతికశాస్త్రం)

బోరు పోలిక బాగుంది, ఒక్క తేడా ఉంది. నీళ్లు పడినాక అందరూ తాగి చూడొచ్చు. హీలియం అణువును ఈరోజుకీ ఎవరూ ఉత్త కంటితో చూడలేదు. ఇయన్ హ్యాకింగ్ 1983లో దీనికి వేరే కొలత చెప్పినాడు: దాన్ని పనిముట్టుగా వాడి వేరేదాన్ని మార్చగలిగితే అది ఉన్నట్టే. ఎంఆర్ఐ యంత్రంలో అయస్కాంతం చుట్టలను మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచేది ద్రవ హీలియం. అది తగ్గితే చుట్టలు వేడెక్కి అయస్కాంత శక్తి పోతుంది, యంత్రం ఆగిపోతుంది. కరోనియంతో ఇట్లా ఎవరూ ఏ పనీ చేయించలేదు.

ఇంకో ప్రశ్న (కర్నూలు)

ఆ మొదటి పక్షాన్ని తెలుగులో ఏమనాలి? ఒకచోట యథార్థవాదం, ఇంకోచోట వాస్తవికవాదం అని చూసినాను.

జవాబు (కడప, తెలుగు బోధన)

యథార్థవాదం వద్దు. “యథార్థవాది లోకవిరోధి” అని సామెత అందరి నోట్లో ఉంది. అక్కడ యథార్థవాది అంటే ఉన్నమాట మొహాన అనేవాడు. తత్వశాస్త్ర పక్షానికి ఆ పేరు పెడితే, ఎదుటి పక్షం అబద్ధాలకోరులన్నట్టు అవుతుంది. వాస్తవికవాదం అంటే మన పాఠకులకు కథలూ నవలలూ గుర్తొస్తాయి. ‘వైజ్ఞానిక వాస్తవవాదం’ అందాం. కథల గోల రాకుండా ‘వైజ్ఞానిక’ కాపాడుతుంది. సిద్ధాంతం పనిముట్టు మాత్రమే అనే పక్షానికి ‘సాధనవాదం’ సరిపోతుంది.

ఇక గోడపత్రిక. శీర్షికకు ‘జాడ’ వాడండి: “హీలియం జాడ దొరికిన గ్రహణం, 1868”. జాడ అంటే అడుగుల గుర్తు, మనిషి కాదు. చూసినవాడికి ఎవరి జాడో అప్పుడే తెలియకపోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇట్లా: “1868 ఆగస్టు 18న గుంటూరులో జాన్సెన్ సూర్యుడి అంచు వెలుగులోని గీతలను చూసి, గ్రహణం లేకుండానే వాటిని చూసే పద్ధతి సాధించారు. అందులోని పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని లాక్యర్ చెప్పారు. 1895లో రామ్సే భూమ్మీద హీలియంను కనుగొన్నారు.”

చివరి మాట (కర్నూలు)

అందరికీ ధన్యవాదాలు. శీర్షిక మార్చినాం. పక్కనే ఆకుపచ్చ రంగులో ఇంకో గడి పెడుతున్నాం, కరోనియానికి. దానికి “కరోనియం జాడ” అని రాయబోతే పిల్లలే ఆపినారు: లేనిదానికి జాడ ఎట్లా ఉంటుంది సార్ అని. “కరోనియం అనుకున్న ఇనుము జాడ” అని రాయించినాను.