సిరిమాను పండుగ సభ: హాలు కిటికీలకు ఎండుకొమ్మల అలంకరణ, పనుల పంపకం

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

అమ్మానాన్నలను చూడటానికి వచ్చి నెల రోజులుగా విజయనగరంలోనే ఉన్నాను. మిషిగన్‌లో మనం జరుపుకోబోయే పైడితల్లమ్మ సిరిమాను పండుగ సభకు కిటికీల అలంకరణ నా బాధ్యత కనుక, పని ఎలా సాగాలో ఇక్కడి నుంచే రాస్తున్నాను. కిందటి ఏడాది ప్లాస్టిక్ మావిడాకుల తోరణాలు కట్టాం. సభ ముగిశాక అవన్నీ చెత్తలోకి పోయాయి. మానునే అమ్మవారి రూపంగా కొలిచే పండుగకు ప్లాస్టిక్ ఆకులు కట్టడం అప్పటి నుంచీ నా మనసుకు కష్టంగానే ఉంది. ఈసారి హాలులోని ఆరు కిటికీలకూ మన పెరళ్ళలో రాలిన కొమ్మలతోనే అలంకరణ చేయాలన్నది నా ప్రతిపాదన.

మన పిల్లల్లో చాలామంది పండుగను కళ్ళారా చూడలేదు కాబట్టి ఒక్క మాట. సిరిమాను అనే పొడవాటి మాను కోసం చింతచెట్టును ఎంచుకుంటారు. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. దసరా తరువాత వచ్చే మంగళవారం నాడు పూజారి ఆ మాను చివర కూర్చోగా, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఆ ఊరేగింపులో ఉంటాయి. సిరిమాను నమూనా చేసి కిటికీలో పెడదామని ఒకరిద్దరు అడిగారు. నేను ఒప్పుకోలేను, అది పూజ అందుకునే మాను, అలంకరణ వస్తువు కాదు. అయితే నడిమి కిటికీకి కొమ్మల చట్రం కట్టి, అందులో నారతో వల అల్లితే ఎంతో బాగుంటుంది. పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని వెలికితీసింది బెస్తలేనని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ వల సంగతి పిల్లలకు చెప్పడానికి ఆ కిటికీయే ఆధారమవుతుంది.

మిగిలిన ఐదు కిటికీలకు దడి అల్లిక చేద్దాం. మన ఊళ్ళలో గోగుకట్టలను చెరువులో నానబెట్టి నార ఒలిచాక మిగిలే తెల్లటి పుల్లలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటితో దడి కట్టినట్టే అక్కడ మిషిగన్‌లో విల్లో అనే చెట్టు కొమ్మలతో కట్టవచ్చు. బొటనవేలి లావు కొమ్మలను ఏడింటిని నిలువుగా, జానెడు ఎడంతో నిలబెట్టి, సన్నని రెమ్మలను ఒకదాని ముందునుంచి, తరువాతి దాని వెనకనుంచి అల్లుకుంటూ పోవాలి. చివరి నిలువుకొమ్మ దగ్గర రెమ్మను అలాగే మడిస్తే విరిగిపోతుంది. ముందుగా రెండు చేతులతో మెలిపెట్టి, పీచు విడివడిన తరువాత చుట్టూ తిప్పితే విరగదు. ఈ ఒక్క మెళకువ చేతికి వస్తే మిగిలిన పని తేలిక.

కొమ్మల ఎంపికలో దయచేసి జాగ్రత్త వహించండి. యాష్ చెట్టు కొమ్మలు, పుల్లలు ఒక ఊరి నుంచి మరో ఊరికి తేవద్దు. బెరడు కింద తొలిచి చెట్టును చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగును అమెరికాలో తొలిసారిగా 2002లో మన డెట్రాయిట్ పరిసరాల్లోనే గుర్తించారు. కోట్లాది చెట్లు దానివల్ల పోయాయి. ఏ చెట్టుదో తెలియని కొమ్మను వదిలేయడమే మంచిది. చెట్టు కాండాన్ని అంటుకొని వెంట్రుకల్లాంటి వేళ్ళతో పాకే తీగ కనబడితే ముట్టుకోవద్దు. అది పాయిజన్ ఐవీ కావచ్చు. ఆకులు రాలి, తీగ ఎండినా దాని జిడ్డు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, కాలిస్తే ఆ పొగ మరీ ప్రమాదం. నిలబడి ఉన్న బర్చ్ చెట్ల తెల్ల బెరడు ఎంత అందంగా ఉన్నా ఒలవవద్దు, ఆ చెట్టు చచ్చిపోవచ్చు. పార్కుల్లో కాకుండా సొంత పెరళ్ళలో రాలినవే ఏరండి. తెచ్చిన వాటిని బయటే దులిపి, బ్రష్షుతో రుద్ది, రెండు వారాలు గ్యారేజీలో ఆరబెట్టండి. రంగులు, మెరుపుపొడి పూయవద్దు. బెరడు రంగే మనకు కావలసింది.

కట్టడానికి పేనిన గోగునార తాడు ఇక్కడి నుంచి నేను తెస్తాను, విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చెప్పే తెస్తాను. మావిడి మండలు, వరి కంకులు తెమ్మని అడిగిన వారు మన్నించాలి, అవి తేకూడదు. పిచ్చుకల కోసం చూరుకు కట్టే వరికుచ్చుల గుర్తుగా అక్కడ దొరికే ఎండు గోధుమ కంకులను కుచ్చులు కడదాం.

*

అన్నయ్య గారూ, నమస్కారం. హాలు బాధ్యత నాది కనుక రెండు విషయాలు తెలియజేస్తున్నాను. గోడకు గానీ కిటికీ చట్రానికి గానీ మేకులు కొట్టకూడదని హాలువారు స్పష్టంగా చెప్పారు. కిటికీల కింద హీటర్లు ఉన్నాయి, అక్టోబరులో వాటిని నడుపుతారు. అలాగే మా పెరట్లో విల్లో ఉంది. కొమ్మలు ఇప్పుడే కోసి ఉంచమంటారా?

*

చెల్లెమ్మా, ముందే చెప్పి మంచి పని చేశావు. మేకులకు బదులుగా, స్నానాల గదిలో తెర కట్టే స్ప్రింగు కడ్డీని కిటికీ చట్రంలో బిగిద్దాం. అది ఎక్కువ బరువు ఆపలేదు కనుక ఒక్కో దడి రెండు కిలోలు దాటకూడదు. తూకం వేశాకే హాలుకు పంపండి. ఒక దడిని ముందుగా ఎవరింట్లోనైనా కిటికీకి ఒక రోజంతా వేలాడదీసి చూడాలి.

హీటర్ల సంగతి మరింత ముఖ్యం. ఎండుకొమ్మ, నార, గోధుమ కంకులు నిప్పు అందుకోవడానికి క్షణం చాలు. అందుకే దడులను కిటికీ పై సగానికే పరిమితం చేద్దాం, కుచ్చులు కిందికి జారకుండా పొట్టిగా కడదాం. దీపారాధన ఈ కిటికీలకు దూరంగా, వేదిక మీదే జరగాలి. ఎండుకొమ్మలు కట్టడానికి అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో హాలువారిని అడిగి, జవాబు రాతలో తీసుకో. వారు వద్దంటే పట్టు పట్టకుండా, కొమ్మల చట్రం లేకుండా వల ఒక్కటే ఉంచుదాం.

రాలినవే ఏరి రెండు వారాలు ఆరబెట్టమన్నది మిగతా కొమ్మల గురించి, అల్లే విల్లో మాత్రం కోయాల్సిందే. అయితే ఇప్పుడే కోయవద్దు, అల్లడానికి వారం ముందు కోస్తే చాలు. పచ్చిగా ఉన్నప్పుడు అల్లితే వంగుతుంది కానీ ఆరాక సన్నబడి అల్లిక వదులవుతుంది, కొద్దిగా వాడాక అల్లితే ఆ ఇబ్బంది తక్కువ, చేతికీ లొంగుతుంది. పూర్తిగా ఎండిపోతే బెరడుతో ఉన్న కొమ్మను రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టాల్సి వస్తుంది, ఆ తిప్పలు మనకు వద్దు.

కట్లు వేసేవారికి ఒక సూచన. రెండు కొమ్మలు కలిసిన చోట గుణకారం గుర్తులా చుట్టి వదిలేయకుండా, ఆ రెండింటి మధ్యగా తాడును మరో మూడు చుట్లు బిగించి లాగి ముడి వేయండి. కొమ్మ ఆరుతున్న కొద్దీ సన్నబడి కట్టు వదులవుతుంది కాబట్టి సభకు రెండు రోజుల ముందు ప్రతి ముడినీ మళ్ళీ పరీక్షించాలి. ఆ పనికి నలుగురు కావాలి. కత్తెర, తోలు చేతితొడుగులు ఎవరివి వారు తెచ్చుకోవాలి. వల అల్లడం తెలిసిన పెద్దవారు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడ పేరు రాయండి, తాడు వారికి ముందుగా అందేలా చూస్తాను.