సి అని రాసి గాయుస్ అని చదవడం

నిన్న ఒక తమ్ముడు ఇక్కడ అడిగిన ప్రశ్నకు కామెంటులో జవాబు మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను. ఆయన అడిగింది ఇది: “జూలియస్ సీజర్ అసలు పేరు గాయుస్ యూలియుస్ కైసర్ అని చదివాను. కానీ లాటిన్ శాసనాల ఫోటోల్లో ఆ పేరు ముందు ‘జి’ ఉండాల్సిన చోట ‘సి’ ఉంటోంది. చెక్కినవాడి పొరపాటా?”

పొరపాటు కాదు తమ్ముడూ. ముందు మన ఇంట్లో సంగతి ఒకటి చూడు. గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు పొడి అక్షరాల్లో ఎలా రాస్తాం? జి.వి. రామమూర్తి. గురజాడ వెంకట అప్పారావు గారి పేరు? జి.వి. అప్పారావు. గిడుగులో ‘జి’ ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఇంగ్లీషు అక్షరం పేరు ‘జీ’ కాబట్టి, గకారంతో మొదలయ్యే ఇంటిపేర్లన్నీ తెలుగు లిపిలో రాసినా ‘జి.’ అయిపోయాయి. మనకెవరికీ అది వింతగా తోచదు, చూసి చూసి అలవాటైపోయింది. రోములో గాయుస్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది, దారి మాత్రం వేరు.

గ్రీకు అక్షరమాలలో మూడో అక్షరం గామా, పలుకు గకారం. ఇటలీలోని ఎట్రస్కన్లు ఆ అక్షరమాలను తీసుకున్నారు. వాళ్ల భాషలో క, గ అనే తేడా లేదు. మన పొరుగు తమిళంలో ఒకే అక్షరాన్ని చోటును బట్టి క అనీ గ అనీ పలకడం ఈ గుంపులో చాలామందికి తెలిసిందే. తేడా అక్కర్లేని భాషలో గామా కకారం పలకడానికి స్థిరపడింది, ఆకారం వంగి వంగి అర్ధచంద్రంలా ‘సి’ అయింది. రోమన్లకు చదువు అబ్బింది ఎట్రస్కన్ల నుంచే. చిక్కంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే లాటిన్‌లో క వేరు, గ వేరు. అయినా మొదట్లో రెంటికీ ఆ ఒక్క అక్షరంతోనే సరిపెట్టుకున్నారు.

దీనికి సాక్ష్యం పాత రోము నడిబొడ్డున ఉన్న బహిరంగ స్థలం, ఫోరంలో ఉంది. 1899లో తవ్వకాల్లో నల్లరాళ్లు పరిచిన ఒక చోటు బయటపడింది, దాని కింద విరిగిన రాతి స్తంభం మీద క్రీ.పూ. 6వ శతాబ్దపు శాసనం దొరికింది. లాటిన్‌లో మనకు దొరికిన అతి పాత రాతల్లో అదొకటి. అందులో ‘రాజుకు’ అనే మాటను చెక్కినవాడు ఆ అర్ధచంద్రపు అక్షరంతో రాశాడు. అక్షరం చూసి చదివితే ‘రెకెయ్’, వాళ్లు పలికింది ‘రెగెయ్’. తర్వాతి లాటిన్‌లో అదే ‘రేగీ’. మన సంస్కృత ‘రాజ’ శబ్దానికి అది దగ్గరి చుట్టం. ఆ ఒక్క మాట దగ్గర ఆగి చూస్తే చాలు, గాయుస్ సంగతి సగం తేలిపోతుంది: ఆ కాలంలో గాయుస్ అని రాయాలంటే ఉన్నది ఆ అక్షరమే.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈ ఇబ్బందికి మందు దొరికింది. ‘సి’కి చిన్న అడ్డగీత చేర్చి ‘జి’ అక్షరం చేశారు. మనం ‘ద’కు కింద గీత తగిలించి ‘ధ’ చేసుకున్నట్టే అనుకోండి. దీన్ని చేసినవాడు స్పురియుస్ కార్విలియుస్ అని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. బానిసత్వం నుంచి విడుదలైన మనిషి, రోములో ఫీజు తీసుకుని చదువు చెప్పే బడి మొదట తెరిచింది ఈయనేనని కూడా ఆయనే చెప్పాడు. పిల్లలకు రోజూ అక్షరాలు దిద్దించే పంతులుకే ఈ తికమక బాగా తెలిసి ఉంటుంది అనిపిస్తుంది నాకు. కొత్త అక్షరాన్ని ఏడో చోట కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

కొత్త అక్షరం వచ్చాక మామూలు మాటలన్నీ మారాయి. రెండు పేర్ల పొడి అక్షరాలు మాత్రం మారలేదు: గాయుస్‌కు ‘సి’, గ్నాయుస్‌కు ‘సిఎన్’. ఎందుకంటే పొడి అక్షరాన్ని ఎవరూ కూడబలుక్కుని చదవరు, గుర్తులా చూస్తారు. పెళ్లి శుభలేఖలో ‘చి.ల.సౌ.’ అని వేయిస్తాం. ఈ మధ్య మా అన్నయ్య కూతురి శుభలేఖ ప్రూఫు చూస్తుంటే, పెళ్లికూతురే ‘బాబాయ్, ఇది విప్పితే ఏమవుతుంది?’ అని అడిగింది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని చెప్పాను. తన పేరు ముందున్న మూడు పొడి అక్షరాలను ఆ పిల్ల అప్పటిదాకా బొమ్మలాగే చూసింది. రోమన్ పౌరుడికి ఆ ‘సి’ కూడా అంతే.

ఇక పేరు పుట్టుక. రోమన్ మగవాడికి సాధారణంగా మూడు పేర్లు: మొదటిది పెట్టిన పేరు, రెండోది వంశం పేరు, మూడోది శాఖ పేరో మారుపేరో. మన ఇంటిపేరు ముందుంటే వాళ్ల వంశనామం నడుమ ఉంటుంది. ఆశ్చర్యమేమిటంటే, వంశాలు వందల్లో ఉన్నా రిపబ్లిక్ (చక్రవర్తులు రాకముందు) చివరి కాలానికి మామూలుగా వాడుకలో ఉన్న పెట్టిన పేర్లు ఇరవై లోపే. అందుకే ఒక్క పొడి అక్షరం వేస్తే సరిపోయేది. లూకియుస్, మార్కుస్‌లతో పాటు ఎక్కడ చూసినా కనిపించే పేరు గాయుస్.

దీని పాత రూపం ‘గావియుస్’. నడుమ ఉన్న వకారం అరిగిపోయి గా-ఇ-ఉస్ అయింది. కవులు ఛందస్సులో దీన్ని మూడు అక్షరాలుగానే లెక్కపెట్టారు. ఇరుగుపొరుగు ఆస్కన్ భాషలో ‘గావిస్’ అని ఉంది, ఎట్రస్కన్‌లో ‘కాయె’ అని ఉంది. అర్థం సంగతికొస్తే, తల్లిదండ్రుల సంతోషం వల్ల వచ్చిన పేరని ప్రాచీనులే ఒక వ్యుత్పత్తి చెప్పారు. లాటిన్‌లో ‘గౌదేరె’ అంటే సంతోషించడం, దాని భూతకాల రూపం ‘గావీసుస్’. ఆ ‘గావ్’ చూస్తే ముచ్చటగా అతుకుతుంది. కానీ ఇన్ని ఇటలీ భాషల్లో వ్యాపించిన పేరును ఒక్క లాటిన్ క్రియకు కట్టేయడం పండితులందరికీ సమ్మతం కాదు. నాకూ అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. పేరు ముందు పుట్టి, పోలికను బట్టి అర్థం తర్వాత అంటించడం మన ఊరిపేర్లలో ఎన్నిసార్లు చూడలేదు!

నాకు ఈ పేరు మీద మమకారం కలిగింది మాత్రం ఒక పెళ్లి మాట వల్ల. రోములో కొత్త కోడలిని అత్తింటికి తీసుకొచ్చేటప్పుడు ఆమె చేత ఒక మాట అనిపించేవారు: “నువ్వు గాయుస్‌వైన చోట నేను గాయాను.” పెళ్లికొడుకు పేరు మార్కుస్ కావచ్చు, తీతుస్ కావచ్చు, మాట మాత్రం ఇదే. ప్లూటార్క్ దీనికి కారణాలు వెతుకుతూ, ఇంట్లో అన్నిటికీ ఇద్దరమూ సమంగా యజమానులం అనే ఒప్పందం కావచ్చు అన్నాడు. రాజుల కాలపు గాయా కైకీలియా అనే ఇల్లాలి పేరు కావచ్చు అని కూడా అన్నాడు. ఆమె కంచు విగ్రహం ఒక గుడిలో ఉండేదట, దగ్గర చెప్పులూ కదురూ పెట్టి ఉండేవట. విచిత్రం ఎక్కడంటే, ఆ రోజుల్లో ఆడపిల్లలకు విడిగా పెట్టిన పేరే దాదాపు ఉండేది కాదు. యూలియుస్ వంశంలో పుడితే యూలియా, అంతే. అలాంటి అమ్మాయి జీవితంలో ఒక్క రోజు, ఒక్క వాక్యంలో, మగవాడి పేరుకు జోడీగా తనకంటూ ఒక పేరు చెప్పుకునేది.

ఇక్కడే ‘సి’ మళ్లీ వస్తుంది. శాసనాల్లో ఆ అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కితే ‘గాయా’ అని అర్థం. ఒక స్త్రీ విడుదల చేసిన బానిస తన పేరు పక్కన ఆ తిరగేసిన అక్షరం వేయించుకునేవాడు. యజమానురాలి అసలు పేరు ఏదైనా సరే. క్రీ.శ. 1వ శతాబ్దపు బోధకుడు క్వింతిలియానుస్ ‘రాసేదొకటి, పలికేదొకటి’ అనడానికి ఉదాహరణగా ఎత్తుకున్నది ఈ పేరే. తిరగేసిన ‘సి’ స్త్రీని చెబుతుందని, గాయా అనే పేరూ ఉండేదని పెళ్లి తంతు వల్లే తెలుస్తోందని రాశాడు. అంటే మన తమ్ముడి ప్రశ్న ఆ కాలంలోనే వాళ్ల బడుల్లోనూ ఉంది.

లాయర్లకు కూడా ఈ పేరు బాగా పనికొచ్చింది. పతంజలి కాలం నుంచీ మన వ్యాకరణాల్లో దేవదత్తుడు, యజ్ఞదత్తుడు ఉదాహరణకు నిలబడ్డట్టు, రోమన్ న్యాయగ్రంథాల్లో గాయుస్, తితియుస్, సెయియుస్‌లు నిలబడతారు. క్రీ.పూ. 63లో కోర్టులో మురేనా అనే రాజకీయ నాయకుడి తరఫున వాదిస్తూ ప్రసిద్ధ వక్త సిసిరో ఈ అలవాటునే ఎత్తిపొడిచాడు. ఏదో పుస్తకంలో ఉదాహరణకు గాయా అని ఉంటే, ఒకానొక పద్ధతిలో పెళ్లాడే ఆడవాళ్లందరికీ అదే పేరని లాయర్లు అనుకున్నారట. ఇటలీలో ఇవాళ్టికీ మన ‘రామయ్యో సోమయ్యో’ అన్నట్టు “తీత్సియో, కాయో, సెంప్రోనియో” అంటారు. గమనించారా, అక్కడ గాయో కాదు, కాయో! రాతలో నిలిచిపోయిన ‘సి’ చివరికి నోట్లోకి వచ్చి కూర్చుంది. బ్రెజిల్‌లో పిల్లలకు పెట్టే కాయో అనే పేరూ ఇదే.

న్యాయం మాట వచ్చింది కాబట్టి: క్రీ.శ. 2వ శతాబ్దపు ఒక గొప్ప న్యాయవేత్తను లోకం ఎరిగింది ఉత్త ‘గాయుస్’గానే. వంశం పేరు లేదు, మారుపేరు లేదు. ఆయన పాఠ్యగ్రంథం ఇటలీలోని వెరోనాలో 1816లో బయటపడింది. చర్మపు పుటల మీద పాత రాతను గీకేసి పైన సెయింట్ జెరోము ఉత్తరాలు రాసుకున్నారు, అడుగున గాయుస్ ఉన్నాడు.

మిగతా గాయుస్‌లను త్వరగా చెప్పేస్తాను. రోములో ఏటా ఎన్నుకునే అత్యున్నత పదవి కాన్సల్; ఏడుసార్లు కాన్సల్ అయిన మారియుస్ గాయుసే. క్రీ.పూ. 121లో ప్రాణాలు పోగొట్టుకున్న సంస్కర్త గ్రాక్కుస్ గాయుసే. సీజర్, ఆయన తండ్రీ గాయుస్‌లే, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ పుట్టినప్పుడు గాయుస్ ఒక్తావియుస్. కాలిగులా చక్రవర్తి అసలు పేరూ గాయుసే. సైనికుల చిన్న బూటు అనే ముద్దుపేరు చరిత్రలో మిగిలింది. అందులోని ‘కాలి’కీ మన కాలికీ ఏ సంబంధమూ లేదు, దయచేసి ఆ చర్చ తెరవకండి.

వీళ్లలో మనకు దగ్గరి గాయుస్ ఒకరున్నారు: రోమన్ రచయిత ప్లీనీ. పూర్తి పేరు గాయుస్ ప్లీనియుస్ సెకుందుస్. క్రీ.శ. 77లో చక్రవర్తి కొడుకు తీతుస్‌కు అంకితమిచ్చిన ‘ప్రకృతి చరిత్ర’ అనే గ్రంథంలో ఆంధ్రుల ప్రస్తావన చేశాడు. గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు అని. మన బడి పుస్తకాల్లో ‘ప్లీనీ చెప్పిన 30 దుర్గాలు’ అని చదువుకున్నది ఇదే. రెండేళ్ల తర్వాత వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆయన చనిపోయాడు.

ఇంకొకటి నేను కళ్లారా చూసింది. ఒక మ్యూజియంలో గాజు కింద వేలిగోరంత రోమన్ వెండి నాణెం. వెనకవైపు ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కన నిలబడి, నడుమ డాళ్లు, వాటి మీద చేతులు. అగస్టస్ దత్తు తీసుకున్న మనవలు గాయుస్, లూకియుస్. అంచున అక్షరాలు చదవడానికి గాజుకు ముక్కు ఆనించాల్సి వచ్చింది. అరిగిన చోట ‘సి’, పక్కన ‘ఎల్’, తర్వాత ‘సీజర్లు’ అనే మాట. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అచ్చయిన ఈ రకం దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో బాగా ఎక్కువగా కనిపించేవాటిలో ఒకటి. మన రేవుల్లో దిగిన ఆ ‘సి’ని అప్పటి మన వర్తకులు ఏమని చదివారో! లూకియుస్ క్రీ.శ. 2లో, గాయుస్ క్రీ.శ. 4లో పోయారు. లూకియుస్‌కు ఇరవై నిండనే లేదు, గాయుస్ ఇరవై దాటి ఎంతో కాలం బతకలేదు.

చేర్పు 1: కింద అక్క అడిగారు, బైబిల్లో గాయు అని ఉన్నది ఇతనేనా అని. పేరు ఇదే అక్కా, మనుషులు వేరు. యోహాను మూడో పత్రిక ‘గాయు’కు రాసింది. రోమీయుల పత్రిక చివర పౌలుకు ఆతిథ్యమిచ్చిన ఆయన ‘గాయియు’. తెలుగు అనువాదకులు గ్రీకు నుంచి తెచ్చారు కాబట్టి గకారం చెక్కుచెదరలేదు. చివరి సకారం వదిలేసి ఉకారంతో ముగించారు, పౌలు, తీతు, మార్కుల్లాగే. మన భాష అజంతం కదా. ‘గాయియు’లో ఆ పాత మూడు అక్షరాలు కూడా వినిపిస్తాయి. అదే పేరాలో తెర్తియు, క్వర్తు అని ఉన్నారు చూడండి: లాటిన్‌లో మూడోవాడు, నాలుగోవాడు అని అర్థం.

చేర్పు 2: గ్రీకుల భూదేవి ‘గాయా’ కూడా ఈ పేరేనా అని ఒక అన్నగారు అడిగారు. అది వేరే మాట అన్నగారూ. పలుకు కలిసిందంతే.

చేర్పు 3: కేంబ్రిడ్జిలో చదువుతున్న ఒక చెల్లెమ్మ, అక్కడ కాయుస్ అని రాసే కాలేజీ పేరును ‘కీస్’ అని ఎందుకు పలుకుతారని అడిగింది. 1557లో ఆ కాలేజీని మళ్లీ నిలబెట్టిన వైద్యుడి ఇంటిపేరు కీస్. పండితుల పద్ధతిలో లాటిన్ చేసుకుని కాయుస్ అని రాసుకున్నాడు. రాతలో ‘సి’తో కాయుస్, నోట కీస్. అక్కడ గకారం అసలెప్పుడూ లేదమ్మా.

తమ్ముడూ, తెలుగులో నువ్వు రాసేటప్పుడు మాత్రం గాయుస్ అని పూర్తిగా రాయి. పొడి అక్షరం పెట్టక తప్పకపోతే ‘గా.’ అని పెట్టు. గిడుగు వారికీ ‘గి.’ అని పెట్టి చూడు, ఎంత బాగుంటుందో.